జార్ రాజ్యం పల్లె దాకా చేరలేదు

1897 జనవరిలో రష్యా సామ్రాజ్యం మొదటిసారి తన జనాన్ని లెక్కబెట్టుకుంది. సామ్రాజ్యం మొత్తానికీ జరిగిన జనాభా లెక్క అదొక్కటే. ఇంటింటికీ వెళ్ళిన ఆ పత్రం రాజప్రాసాదానికీ వెళ్ళింది. వృత్తి ఏమిటన్న గడిలో జార్ రెండవ నికొలాయ్ "రష్యా నేలకు యజమాని" అని నింపాడు.

ఆ మాటను ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు. 12 కోట్ల 56 లక్షల జనం, పోలండ్ నుంచి పసిఫిక్ దాకా పరుచుకున్న నేల, అంతా తండ్రి తన చేతిలో పెట్టిన ఆస్తి. చెక్కుచెదరకుండా దాన్ని కొడుక్కి అప్పగించడమే తన ధర్మం. సరిగ్గా ఇరవై ఏళ్ళకు, 1917 ఫిబ్రవరి 23న, రాజధాని పెత్రోగ్రాద్‌లో ఆడవాళ్ళు రొట్టె కోసం వీధికెక్కారు. మార్చి 2 రాత్రి ప్స్కోవ్ స్టేషన్‌లో ఆగిన రైలు పెట్టెలో కూర్చుని ఆ యజమాని సింహాసనం వదులుకుంటూ సంతకం చేశాడు. మధ్యలో గడిచింది వారం రోజులు. (అప్పటి రష్యా పంచాంగం మనం వాడే తేదీలకు 12, 13 రోజులు వెనక నడిచేది. ఇక్కడ ఆ పాత తేదీలే ఇస్తున్నాను.)

మా తరానికి రష్యా పరిచయమైంది చవగ్గా దొరికిన సోవియట్ అనువాద పుస్తకాలతో. వాటిలో జార్ రాజ్యమంటే కొరడా, సైబీరియా, రహస్య పోలీసులు. అదంతా జరిగిందే. కానీ అంత కండబలం ఉన్న రాజ్యం వారంలో ఎలా కూలిందన్న ప్రశ్న చాలాకాలం నన్ను వదల్లేదు. యుద్ధం, రాజకుటుంబాన్ని గుప్పిట్లో పెట్టుకున్నాడని పేరుపడ్డ సాధువు రస్పుతిన్, ధాన్యం కొరత అని జవాబులు వస్తాయి. నిప్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో అవి చెబుతాయి. గడ్డి అంతలా ఎందుకు ఎండిందో తెలియాలంటే ఇంకా వెనక్కి వెళ్ళి, ఆ రాజ్యం రోజువారీ ఎలా నడిచిందో చూడాలి. చూసినకొద్దీ నాకు తేలిందొకటే. ఆ రాజ్యానికి పైన బరువు ఎక్కువ, కింద కాళ్ళు లేవు. కాళ్ళు కాగల వాళ్ళు ముందుకొచ్చిన ప్రతిసారీ వాళ్ళను తనే నెట్టేసింది.

ముందు కొన్ని అంకెలు. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యే నాటికి రష్యాలో ప్రతి వెయ్యి మందికి ఉన్న ప్రభుత్వోద్యోగులు నలుగురు. జర్మనీలో పన్నెండు మందికి పైనే, ఫ్రాన్సులో పదిహేడు మందికి పైనే. ఇక పల్లెల్లో పోలీసులు: 1900 నాటికి ఠాణా అధికారులు 1,582 మంది, వాళ్ళ కింద జమాదార్ల వంటి వాళ్ళు 6,874 మంది. దాదాపు పది కోట్ల పల్లె జనానికి ఇంతే. ఒక్కో అధికారి కింద వందల పల్లెలు, వాటి మధ్య వానొస్తే బురదలో కూరుకుపోయే బాటలు. పోలీసు రాజ్యమని పేరుపడ్డ దేశంలో చాలా పల్లెలకు పోలీసు ఏడాదికొకసారి కనబడితే గొప్ప.

మరి పన్ను ఎలా వసూలయ్యేది? సైన్యానికి కుర్రాళ్ళు ఎలా దొరికేవాళ్ళు? దీనికి జవాబు జనాభా పత్రంలోనే ఇంకో గడిలో ఉంది.

పుట్టుకతో వచ్చే గడి

ఆ గడి పేరు సొస్లోవియె. పుట్టుకతో చట్టం అంటించే హోదా అనుకోవచ్చు. ప్రభువులు, మతాచార్యులు, వర్తకులు, పట్నవాసులు, సైనిక సేవే వృత్తిగా గల కొసాక్కులు, రైతులు. మన కులంతో పోల్చబుద్ధవుతుంది గానీ ఆ పోలిక కొంతదూరమే వస్తుంది. ఇక్కడ హోదాను రాసిందీ, కాగితం మీద మార్చగలిగిందీ ప్రభుత్వమే. 1722లో పీటర్ చక్రవర్తి పెట్టిన పద్నాలుగు మెట్ల ఉద్యోగ నిచ్చెన ఎక్కి ప్రభువైన గుమాస్తా కొడుకులు ఉన్నారు. ఆ నిచ్చెన ఎక్కేవాళ్ళు ఎక్కువైన కొద్దీ వంశపారంపర్య ప్రభువు హోదా దక్కే మెట్టును జార్లు పైపైకి జరుపుతూ పోయారు.

1897 లెక్కలో రైతు హోదా వాళ్ళు నూటికి 77 మంది. వంశపారంపర్య ప్రభువులు నూటికి ఒక్కరు. ఒక్కో హోదాకు వేరే కోర్టు, వేరే పన్ను, వేరే పాస్‌పోర్టు నిబంధన. ఈ పాస్‌పోర్టు విదేశాలకు వెళ్ళేది కాదు, సొంత ఊరు దాటడానికి కావలసినది. రైతు తగవులు మామూలు చట్టం కిందికి రావు. కొన్ని పల్లెలకు కలిపి ఉండే వోలస్త్ అనే మండలంలో, రైతుల ఆచారం ప్రకారం, రైతు న్యాయకర్తలే తీర్పిస్తారు. ఆ తీర్పుల్లో బెత్తం దెబ్బలు 1904 దాకా చట్టబద్ధం. అదే నేరానికి ప్రభువు వీపు మీద దెబ్బ పడదు. రైతు మనిషే అయినా పౌరుడు కాదని చట్టమే రోజూ చెప్పిన మాట ఇది.

అసలు చిక్కు పట్నంలో వస్తుంది. రాజధాని సెంట్ పీటర్స్‌బర్గ్ (తర్వాతి పెత్రోగ్రాద్) జనంలో సగానికి పైగా కాగితం మీద రైతులు. పుతిలోవ్ ఇనుప కర్మాగారంలో పదేళ్ళుగా కొలిమి దగ్గర నిలబడిన మనిషి కూడా ప్రభుత్వం లెక్కలో ఫలానా పల్లె రైతే. పాస్‌పోర్టు ఇవ్వాల్సింది ఆ పల్లె. అతను పంపకపోతే పన్ను బాకీ పడేదీ ఆ పల్లెకే. కార్మికుడనే మనిషి కళ్ళ ముందు తిరుగుతున్నా, అతనికి రాజ్యం దగ్గర గడి లేదు. వైద్యుడు, ఇంజనీరు, లాయరు, పత్రికా రచయిత, వీళ్ళకూ గడి లేదు. కొత్త రష్యా అంతా గడుల బయట పెరిగింది.

1861: ఇచ్చిందెంత, కోసిందెంత

అంతకు ముందటి తరం దాకా దొరల సొత్తుగా బతికిన రైతులు సుమారు 2 కోట్ల 30 లక్షల మంది. దొర వాళ్ళను అమ్మవచ్చు, పెళ్ళిళ్ళు ఆపవచ్చు, వారానికి ఇన్ని రోజులని వెట్టి చేయించుకోవచ్చు. 1861 ఫిబ్రవరి 19న రెండవ అలెగ్జాండర్ చక్రవర్తి వాళ్ళకు విముక్తి ప్రకటించాడు. ఇది చిన్న పని కాదు. అమెరికాలో బానిసత్వం మీద అంతర్యుద్ధం మొదలైన ఏడాదే రష్యాలో ఒక్క సంతకంతో ఇది జరిగింది, పైగా భూమితో సహా.

ఆ భూమి దగ్గరే మెలిక. రైతులు అంతవరకూ తమకోసం దున్నుకుంటున్న నేలలోంచి చాలాచోట్ల దొరలు మేలైన ముక్కలు కోసి ఉంచుకున్నారు. నీటి ఒడ్డు, పచ్చిక బయలు, అడవి అంచు, ఇలాంటివి. రైతులు వాటిని అత్రెజ్కీ అన్నారు, అంటే కోత ముక్కలు. పశువుల్ని నీళ్ళకు తోలాలన్నా మళ్ళీ దొర నేల దాటాలి, అందుకు దొర పొలంలో పని చేయాలి. మిగిలిన నేలకు ధర కట్టి, అందులో 80 శాతం దాకా ప్రభుత్వమే దొరలకు చెల్లించి, దాన్ని రైతు మీద అప్పుగా రాసింది. 49 ఏళ్ళు, ఏటా 6 శాతం. సారం తక్కువ ఉత్తరాది నేలలకు కట్టిన ధర సంత ధరకన్నా బాగా ఎక్కువ. దొర పోగొట్టుకున్న వెట్టి చాకిరీ విలువను కూడా భూమి ధరలో కలిపేశారు. తన ఒంటి స్వేచ్ఛకు తానే వాయిదాలు కట్టాల్సి వచ్చిందని రైతుకు చదువు లేకపోయినా అర్థమైంది.

వెట్టి రోజుల్లో రైతులు దొరలతో అనే సామెత ఒకటి ఉండేది: "మేం మీ వాళ్ళం, నేల మాత్రం మాది." దున్నేవాడిదే నేలన్నది వాళ్ళ లెక్క. ఆ లెక్క ప్రకారం 1861 పత్రం దొంగ పత్రం. అసలు పత్రాన్ని దొరలూ అధికారులూ దాచిపెట్టారనీ, జార్ ఎప్పటికైనా దాన్ని బయటికి తీస్తాడనీ పల్లెల్లో ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు. జార్ మీద ఆ నమ్మకం రాజ్యానికి పెద్ద ఆస్తి. దాన్ని ఎలా పోగొట్టుకుందో తర్వాత చూద్దాం.

భూమి ఇచ్చింది ఒక్కో రైతుకు కాదు, ఊరికి. ఆ ఊరి సమష్టి పేరు మీర్. ఇంటిపెద్దలు కూర్చుని భూమిని పాయలు పాయలుగా విడదీసి, మంచి నేలలో కొంత, రాతి నేలలో కొంత, ఇంట్లో ఎంతమంది ఉన్నారో చూసి పంచుతారు. కొన్నేళ్ళకోసారి మళ్ళీ కలిపి మళ్ళీ పంచుతారు. పన్నుకూ అప్పు వాయిదాకూ ఊరంతా కలిసి పూచీ. ఒకడు ఎగ్గొడితే మిగతావాళ్ళు కట్టాలి. అందుకే మనిషి ఊరు విడవాలంటే మీర్ ఒప్పుకోవాలి. పన్నులు ఎలా వసూలయ్యేవన్న ప్రశ్నకు జవాబు ఇదే: రాజ్యం పల్లెకు వెళ్ళనక్కరలేదు, పల్లే తనను తాను కట్టేసుకుని పన్ను పంపుతుంది. చవకైన పరిపాలన. కానీ పన్నుకూ పటాలానికీ తప్ప రాజ్యానికి పల్లె గుర్తు రాలేదు, బడికీ ఆసుపత్రికీ రాలేదు.

1861, 1900 మధ్య పల్లె జనాభా విపరీతంగా పెరిగి, తలసరి కమతం దాదాపు సగానికి పడిపోయింది. దొరలు మాత్రం బాగుపడ్డారా అంటే అదీ లేదు. వెట్టి లేని వ్యవసాయం చేతగాక, అప్పుల్లో మునిగి, 1877, 1905 మధ్య తమ నేలలో నాలుగో వంతుకు పైగా వదులుకున్నారు. వాళ్ళను నిలబెట్టడానికి 1885లో ప్రత్యేకంగా ప్రభువుల భూమి బ్యాంకు పెట్టారు. ఏ వర్గం మీద సింహాసనం ఆనుకుందో ఆ వర్గమే ఒరిగిపోతోంది.

కాళ్ళు మొలిచిన చోట

ఇక్కడ కాస్త ఆగాలి. ఎందుకంటే ఇది తప్పించుకోలేని విధి ఏమీ కాదు. 1864లో రెండు సంస్కరణలు వచ్చాయి. ఒకటి, బహిరంగ విచారణ, స్వతంత్ర న్యాయమూర్తులు, జ్యూరీతో కొత్త కోర్టులు. రెండోది జెమ్‌స్త్వో, అంటే జిల్లా, రాష్ట్ర స్థాయిలో ఎన్నికైన స్థానిక సంస్థ. ఓట్లలో దొరలదే పైచేయి అయినా రైతు ప్రతినిధులూ అదే గదిలో కూర్చున్నారు. గడులు దాటి మనుషులు కలిసిన మొదటి చోటు అది. పల్లెల్లో బడులు, వైద్యశాలలు, రోడ్లు, వంతెనలు, పంట లెక్కలు, ఇవన్నీ జెమ్‌స్త్వోలే మొదలుపెట్టాయి. జీతానికి కుదిరిన వైద్యులు, ఉపాధ్యాయులు, మంత్రసానులు వేల సంఖ్యలో పల్లెల్లోకి నడిచారు. ఆ దేశ చరిత్రలో నాకు అన్నిటికన్నా ఆశ కలిగించే ఘట్టం ఇదే.

రాజ్యం వాటిని అనుమానంగానే చూసింది. రాష్ట్రాల జెమ్‌స్త్వోలు కలిసి జాతీయ సంస్థ పెట్టుకోవడం నిషిద్ధం. కిందికి, రైతు ఉండే వోలస్త్ దాకా దిగడమూ నిషిద్ధం. పైకప్పూ లేదు, పునాదీ లేదు. కోర్టులదీ అదే కథ. 1878లో వేరా జసూలిచ్ అనే యువతి ఒక రాజకీయ ఖైదీని కొట్టించినందుకు రాజధాని అధికారి త్రేపోవ్‌ను కాల్చింది. జ్యూరీ ఆమెను నిర్దోషి అంది. పాలకులు నేర్చుకున్న పాఠం ఏమిటంటే రాజకీయ కేసులు జ్యూరీకి వెళ్ళకూడదని.

1881 మార్చి 1న విప్లవకారుల బాంబుకు రెండవ అలెగ్జాండర్ చనిపోయాడు. ప్రజా ప్రతినిధుల్ని శాసనాల చర్చకు పిలిచే ఒక చిన్న పథకాన్ని ఆయన ఆ ఉదయమే ఆమోదించాడు. కొడుకు మూడవ అలెగ్జాండర్ దాన్ని పక్కన పడేశాడు. ఆ ఆగస్టులో వచ్చిన అత్యవసర చట్టం కింద గవర్నర్లు విచారణ లేకుండా మనుషుల్ని నిర్బంధించవచ్చు, పత్రికల్ని ఆపవచ్చు, ఊరు నుంచి వెళ్ళగొట్టవచ్చు. మూడేళ్ళకని పెట్టిన ఆ తాత్కాలిక చట్టం పొడిగింపు మీద పొడిగింపుతో 1917 దాకా సాగింది. 1889లో పల్లెల మీద జెమ్‌స్కీ నచాల్నిక్ అనే అధికారిని కూర్చోబెట్టారు. స్థానిక ప్రభువుల్లోంచి వచ్చే ఇతను మీర్ తీర్మానాలు రద్దు చేయగలడు, ఊరిపెద్దను నిలువునా జైల్లో వేయగలడు. పాత దొర కొత్త టోపీతో తిరిగొచ్చాడనే రైతులు అనుకున్నారు. మరుసటి ఏడాది జెమ్‌స్త్వోల రెక్కలు కత్తిరించారు.

అప్పుడే 1891 కరువు వచ్చింది. వోల్గా పరీవాహక రాష్ట్రాల్లో పంట పోయింది, తర్వాత కలరా, టైఫస్ వచ్చాయి. చనిపోయిన వాళ్ళు నాలుగు లక్షల దాకా ఉంటారని అంచనా. అప్పటిదాకా ధాన్యం ఎగుమతి చేసి బంగారం పోగుచేస్తున్న ప్రభుత్వం దగ్గర పల్లెకు తిండి చేర్చే యంత్రాంగం లేదు. గవర్నరు ఉత్తర్వు వేస్తే దాన్ని అందుకునే చెయ్యి కింద లేదు. చివరికి నవంబరులో ప్రభుత్వమే స్వచ్ఛంద సంఘాల్ని సాయం చేయమని పిలిచింది. జెమ్‌స్త్వో వైద్యులు, విద్యార్థులు, ఆడపిల్లలు పల్లెలకు వెళ్ళారు. టాల్‌స్టాయ్ ర్యజాన్ ప్రాంతంలో కుటుంబంతో సహా గంజికేంద్రాలు నడిపాడు. ఒక తరం చదువుకున్న వాళ్ళు ఆ చలికాలం రెండు సంగతులు కళ్ళారా చూశారు: రాజ్యం చేయలేదు, తాము చేయగలరు.

మూడేళ్ళకు మూడవ అలెగ్జాండర్ పోయి నికొలాయ్ వచ్చాడు. అభినందనలు తెలుపుతూ త్వేర్ జెమ్‌స్త్వో వినయంగా కోరింది ఒక్కటే, ప్రజల గొంతు సింహాసనం దాకా చేరనివ్వమని. 1895 జనవరి 17న కొత్త జార్ ఇలాంటి ప్రతినిధులందరి ముందూ వాటిని "అర్థంలేని కలలు" అన్నాడు. సాయం చేసిన చేతుల్ని అలా విదిలించుకోవడం కన్నా పెద్ద తప్పు ఆయన పాలనలో వెతికినా నాకు దొరకలేదు.

ఒకే రాజ్యం, రెండు మంత్రిత్వ శాఖలు

ఆ రాజ్యానికి మంత్రులు ఉన్నారు, మంత్రివర్గం లేదు. 1905 దాకా ప్రధానమంత్రి అనే పదవి నిజంగా లేదు. ఒక్కో మంత్రి విడివిడిగా జార్ దగ్గరికి వెళ్ళి నివేదించి, విడిగా అనుమతి తెచ్చుకునేవాడు. పొద్దున ఒకరికి ఊ కొట్టిన జార్ సాయంత్రం ఇంకొకరి విరుద్ధమైన మాటకూ ఊ కొట్టవచ్చు. నికొలాయ్ సొంత కార్యదర్శిని కూడా పెట్టుకోలేదు, కవర్లు తానే అంటించేవాడు. పని దొంగ కాదు. చిన్న పనుల్లో మునిగిపోయి, పెద్ద పని ఎవరికీ అప్పగించలేని మనిషి.

దీని ఫలితం కార్మికుల విషయంలో చూడాలి. ఆర్థికమంత్రి విట్టె 1892 నుంచి ఫ్రెంచి అప్పులతో, రైళ్ళతో, సుంకాలతో పరిశ్రమను పరుగెత్తించాడు. 1897లో రూబుల్‌ను బంగారానికి కట్టాడు. అదే ఏడాది, సమ్మెల ఒత్తిడి మీద, పనిదినాన్ని పదకొండున్నర గంటలకు పరిమితం చేసిన చట్టం వచ్చింది. సంఘం పెట్టుకోవడం, సమ్మె చేయడం నేరాలే. ఫ్యాక్టరీ తనిఖీదారులు ఆర్థికశాఖ కిందివాళ్ళు, యజమానులు కుంగకూడదన్నది ఆ శాఖ చూపు. పోలీసులు హోంశాఖ. కార్మికులు విప్లవకారుల వైపు పోకూడదన్నది వాళ్ళ బెంగ. మాస్కో రహస్య పోలీసు అధికారి జుబాతోవ్ 1901లో ఏకంగా పోలీసుల కనుసన్నల్లోనే కార్మిక సంఘాలు పెట్టించాడు. 1902 ఫిబ్రవరిలో వాళ్ళు సుమారు 50 వేలమంది క్రెమ్లిన్‌లో, వెట్టి విడిపించిన చక్రవర్తి విగ్రహం దగ్గర దండలు పెట్టారు. యజమానులు ఆర్థికశాఖకు మొరపెట్టుకున్నారు. 1903లో దక్షిణాది సమ్మెలు చెయ్యిదాటాక జుబాతోవ్‌ను ఇంటికి పంపారు. కానీ కలిసి నడిస్తే ఎంత బలమో పోలీసులే కార్మికులకు చూపించేశారు.

రాజధానిలో అదే బాటలో, అనుమతితోనే, ఫాదర్ గపోన్ అనే మతాచార్యుడు కార్మిక సమాజం నడిపాడు. 1904 డిసెంబరులో పుతిలోవ్‌లో నలుగురు సభ్యుల్ని తీసేయడంతో సమ్మె రాజుకుంది. 1905 జనవరి 9 ఆదివారం వేలాది కుటుంబాలు దేవుడి పటాలు, జార్ పటాలు పట్టుకుని, ప్రార్థనలు పాడుకుంటూ రాజప్రాసాదం వైపు నడిచాయి. వాళ్ళ అర్జీలో ఎనిమిది గంటల పనిదినం, ఎన్నికైన సభ, జపాన్‌తో యుద్ధం ఆపడం ఉన్నాయి. జార్ ఊళ్ళో లేడు. సైనికులు కాల్చారు. అధికారులు ఒప్పుకున్న లెక్కే వందకు పైగా ప్రాణాలు. అసలు పత్రం జార్ దగ్గర భద్రంగా ఉందన్న పాత నమ్మకానికి ఆ మంచులో చావుదెబ్బ తగిలింది.

రష్యన్లు కాని వాళ్ళ సంగతి వేరే వ్యాసానికి సరిపడేంత ఉంది. ఒక్క మాట మాత్రం చెప్పాలి. ఆ 1897 లెక్కలోనే రష్యన్ మాతృభాష గలవాళ్ళు నూటికి 44 మంది. ఉక్రెయిన్ భాషలో పుస్తకాలు అచ్చువేయడాన్ని 1876లో దాదాపు పూర్తిగా నిషేధించారు, ఫిన్లాండ్ స్వయంపాలనను 1899లో తగ్గించారు, యూదుల్ని పశ్చిమ సరిహద్దు రాష్ట్రాలకే పరిమితం చేశారు. అంతకు ముందు దాకా విధేయంగా ఉన్న ఫిన్లాండ్ కూడా ఆ తర్వాత ఎదురు తిరిగింది.

1905 అక్టోబరులో సమ్మెలు దేశాన్ని స్తంభింపజేశాక జార్ దూమా అనే చట్టసభకు ఒప్పుకున్నాడు. రైతుల భూమి అప్పు వాయిదాలూ రద్దయ్యాయి. కానీ మొదటి దూమా 73 రోజులు బతికింది, రెండోది మూడు నెలల పైచిలుకు. 1907 జూన్ 3న ఎన్నికల చట్టాన్ని మార్చి దొరల సభ చేసుకున్నారు. ప్రధాని స్తొలీపిన్ మీర్‌ను విడగొట్టి సొంత కమతాల రైతును తయారుచేయాలని చూశాడు. దానికి ఇరవై ఏళ్ళ శాంతి కావాలన్నాడు. 1911లో కీవ్ నాటకశాలలో ఆయన మీద కాల్పులు జరిగాయి, మూడేళ్ళకు ప్రపంచయుద్ధం వచ్చింది.

యుద్ధంలో గాయపడ్డ సైనికుల్ని చూసే ఏర్పాటు రాజ్యం దగ్గర మళ్ళీ లేదు. అంతవరకూ నిషిద్ధమైన జెమ్‌స్త్వోల జాతీయ సంఘాన్నే పిలవాల్సి వచ్చింది. దాని అధ్యక్షుడు ప్రిన్స్ ల్వోవ్. 1917 మార్చిలో జార్ దిగిపోగానే తాత్కాలిక ప్రభుత్వానికి మొదటి ప్రధాని అయింది ఆయనే. అప్పటికి ఆయన వెనకా కింద ఏమీ మిగల్లేదు. గవర్నర్లు తొలగిపోయాక రాష్ట్రాల్లో ఆజ్ఞ పాటించేవాళ్ళు లేరు.

పల్లెల్లో మాత్రం ఒక సంస్థ చెక్కుచెదరలేదు. ఆ ఏడాది వేసవి నుంచి మీర్ సభలు కూర్చున్నాయి. స్తొలీపిన్ రోజుల్లో విడిపోయిన వాళ్ళ కమతాల్ని చాలాచోట్ల తిరిగి కలిపేసుకున్నాయి. 1861లో కోసుకుపోయిన పచ్చిక బయళ్ళు, నీటి ఒడ్లు, ఆ తర్వాత దొర సొంత పొలం, అన్నిటినీ గిరి గీసి పాయలు చేసి ఇంట్లో తినే నోళ్ళ లెక్కన పంచాయి. కొన్ని ఊళ్ళలో మాజీ దొరను వెళ్ళగొట్టలేదు. ఆయన ఇంట్లోనూ తినేవాళ్ళెందరో లెక్కబెట్టి, అందరితో సమానంగా ఆయనకూ ఒక వాటా ఇచ్చారు.